మానిన కాలు

నరసరావుపేట ల్యాబులో చీము పరీక్షలు చేసే ఒక అక్క ఉండేది. రిపోర్టు ఇచ్చే ముందు "మనిషెట్టా ఉన్నాడు?" అని తప్పక అడిగేది.

నాన్న కాలిపుండుకు ఏ మందూ పనిచేయకపోవడంతో కాలు తీసేయాలన్నారు డాక్టరు. ఎవరూ అడగకుండానే ఆ అక్క నాన్న చీము మీద ఇంకో మందుతో పరీక్ష చేసి, డాక్టరుకు ఫోన్ చేసింది.

"ఇది పెప్టైడ్ మందు తమ్ముడూ, చిన్న ప్రొటీను ముక్కలాంటిది. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి తయారుచేసిద్ది. పుండులో క్రిమి పైపొరనే చీల్చిద్ది. మీ నాన్నకి పనిచేసిద్ది," అని నాకు చెప్పింది.

పనిచేసింది. రెండు నెలలకు నాన్న తన కాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆమె వంగి పుండు మానిన మచ్చను చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్ళూ చీమునే చూశాను బాబాయ్. మానిన కాలు చూడటం ఇదే మొదలు," అంది.