ఖాళీ స్లైడు

మేడమ్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న తెలిసింది. ఐస్ ప్లాంటుకి కరెంటు కోతల మీద వార్త కోసం ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నాను. కాలేజీలో ఆవిడ గది తాళాలు చూసే అటెండరు ఫోన్ చేశాడు. "సార్, మేడమ్ ఇక నేరండి. తెల్లారగట్ల నిద్దట్లోనే ఎలిపోనారు" అన్నాడు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. వారం క్రితం కూడా మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు.

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళి చిన్న వార్త రాశాను. వృక్షశాస్త్రం బోధించారు, రిటైరయ్యాక కూడా డయాటమ్‌ల వర్గీకరణ మీద పనిచేశారు అని. డెస్కు ఇన్‌చార్జి చదివి, "ఇంతకీ ఆవిడ ఏం కనిపెట్టారు?" అని అడిగాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

డయాటమ్ అంటే కంటికి ఆనని నాచు. ఒకే ఒక్క కణం, దాని చుట్టూ గాజు పెంకు. సముద్రంలో ఉంటుంది, చెరువులో ఉంటుంది, తడి గోడ మీదా ఉంటుంది. ఒక్కో నీటికి ఒక్కో రకం. ప్రాణం పోయినా పెంకు మిగులుతుంది. మేడమ్ బల్ల మీద సుద్దముక్కలాంటి తెల్లరాయి ఒకటి ఉండేది. అండమాన్ ఓడలో వచ్చిన పాత విద్యార్థి ఎవరో తెచ్చిచ్చారు. ఎన్నో లక్షల ఏళ్ళ కిందటి డయాటమ్ పెంకులు పేరుకుని అయిన రాయి అది. గోటితో గీకితే పొడి రాలేది. ఆ పొడిలోని రకాలనీ మన తీరంలో ఇప్పుడు బతుకుతున్న రకాలనీ పక్కపక్కన పెట్టి, పెంకు మీది సన్నని గీతలు లెక్కపెట్టడం ఆవిడ పని. గీతల లెక్క తేలనిదే రకం పేరు చెప్పేవారు కాదు. "పేరు చివర్న పెట్టాలి. ముందే పెట్టేస్తే ఇక కళ్ళు పనిచెయ్యవు" అనేవారు.

నేను ఆవిడ దగ్గర బీఎస్సీ చదివాను. గొప్పగా చదివినవాణ్ణి కాదు. ప్రాక్టికల్ రికార్డులో ఒకసారి సూదిలాంటి డయాటమ్ బొమ్మ వేశాను, రెండు కొసలూ సమానంగా. మేడమ్ నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. స్లైడులో ఉన్నదానికి ఒక కొస విరిగి ఉంది. "నువ్వు పుస్తకంలోది గీశావు. ఇక్కడున్నది గీయి" అని పేజీ అడ్డంగా కొట్టేశారు.

హార్బర్‌లో ఆవిడ తెలియనివాళ్ళు తక్కువ. పడవ అడుగున పట్టిన పాచిని పాత టూత్‌బ్రష్‌తో గీకి, పచ్చడి సీసాల్లో పట్టుకెళ్ళేవారు. ఆవిడ కనబడగానే వలలు బాగుచేసుకునేవాళ్ళు మొదలెట్టేవాళ్ళు.

"బావా, పాచి మేడమ్ ఒచ్చేసింది. పడవకి పళ్ళు తోమతాది!"

"మా బావక్కూడా తోమీ మేడమ్. పెళ్ళయినకాణ్ణించి తోమనేదు."

మేడమ్ నవ్వకుండా, "పడవ నోరు తెరిచింది కాబట్టి తోముతున్నాను. మీ బావని తెరవమను" అనేవారు.

ఆరేళ్ళ కిందట ఆ హార్బర్‌లోనే చేపలమ్మే ఒకామె తమ్ముడు చనిపోయాడు. సముద్రంలో పెరిగినవాడు. ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. శవం సముద్రపొడ్డున దొరికింది. డ్యూటీ దిగి, తాగి, స్నానానికి దిగి మునిగిపోయాడని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పారు. పోలీసులూ అదే రాసుకున్నారు. ఆ అక్క ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ లోపల మంచినీళ్ళు నిలవ చేసే చెరువు ఉంది, దానికి కంచె లేదు, అక్కడే పడ్డాడని, తరవాత శవాన్ని సముద్రంలో పడేశారని ఆమె మాట. నేను వార్త కోసం వెళితే నన్నే నిలదీసింది.

"మావోడు తాగడని నాను సెప్పను బాబూ. తాగినా సముద్రం ఆణ్ణేటీ సెయ్యదు. గంగమ్మ తల్లి మీద నిందేసేరు. ఆ నింద నాకు దింపాల."

శవపరీక్ష చేసిన డాక్టరు ఎముక మజ్జ తీసి ఉంచాడు. మనిషి నీళ్ళలో మునిగి ఊపిరి కోసం పెనుగులాడితే, ఆ నీటిలోని డయాటమ్‌లు రక్తంతో పాటు మజ్జ దాకా పోతాయి. ప్రాణం పోయాక నీళ్ళలో పడేస్తే అంతదూరం పోవు. మజ్జని ఆమ్లంలో ఉడికిస్తే అంతా కరిగిపోయి గాజు పెంకులు మిగులుతాయి. అవి సముద్రానివా, చెరువువా అన్నది చెప్పాలి. చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరని వెతికి మేడమ్ దగ్గరకి వచ్చారు. సీలు వేసిన పెట్టె, దాంతో పాటు ఒక కానిస్టేబులు.

"టీ తాగొచ్చేత్తాను మేడమ్?" అన్నాడతను, పని మొదలైన గంటకి.

"పెట్టె కూడా తాగుతానంటే తీసుకెళ్ళండి" అన్నారు మేడమ్. అతను మళ్ళీ కూర్చున్నాడు.

నేను వరండాలో ఉన్నాను. రెండో రోజు పొద్దున్న మేడమ్ చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళినప్పుడు లోపలికెళ్ళి మైక్రోస్కోపులో చూశాను. కానిస్టేబులు వద్దనలేదు, నన్ను శిష్యుడనుకున్నాడు. కళ్ళెదురుగా సూదిలాంటి డయాటమ్. నేను ఒకప్పుడు తప్పుగా గీసిన రకం, మంచినీటిది. నేరుగా హార్బర్‌కి వెళ్ళి అక్కతో చెప్పేశాను, నీ మాటే నిజమైందని. ఆమె గంప దించి సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసి రమ్మన్నారు. బల్ల మీద ఇంకో స్లైడు ఉంది.

ఆవిడకో అలవాటు ఉండేది. ఏ పరీక్ష చేసినా పక్కనే ఒక ఖాళీ స్లైడు తయారుచేసేవారు. మజ్జ ఉండదు. అదే ఆమ్లం, అదే గాజు సామాను, అదే డిస్టిల్డ్ వాటరు. అందులో ఏమీ కనబడకూడదు. "ఖాళీగా ఉన్నదాన్ని కూడా చూడాలి" అనేవారు. ఇప్పుడు ఆ ఖాళీ స్లైడులోనూ అవే సూదులున్నాయి.

కాలేజీలో నీళ్ళు డిస్టిల్ చేసే యంత్రం పాడైంది. మేడమ్ వచ్చే దారిలో కంచరపాలెంలో బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటరు కేను కొన్నారు. సీలు తీసినట్టు ఉందేమో చూసుకోలేదు. షాపువాడు కుళాయి నీళ్ళు పట్టి అమ్మాడు. ఊళ్ళో కుళాయి నీళ్ళలో ఉండే డయాటమ్‌లే రెండు స్లైడుల్లోనూ చేరాయి.

"సూదులు సముద్రంలోనూ ఉంటాయి, అది వేరే సంగతి" అన్నారు మేడమ్. "ఇవి మజ్జవో, కేనువో నేను చెప్పలేను. ఈ పరీక్ష చెల్లదు. నువ్వు ఎవరికైనా చెప్పావా?"

చెప్పానన్నాను. ఆవిడ చెప్పులు వేసుకున్నారు. "పద. తప్పు ఇద్దరిదీ కదా."

అక్క ఐసు పెట్టెల దగ్గర ఉంది. మేడమ్ కేను సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. విన్నంతసేపూ విని అక్క లేచి నిలబడింది.

"పొద్దున్న మంచినీల్లన్నారు. ఇప్పుడు తెల్దంతన్నారు. మద్దిన కంపినీవోల్లెవులొచ్చేరు?"

చుట్టూ జనం చేరారు. ఎప్పుడూ పళ్ళ జోకులేసేవాళ్ళే. ఎవరూ నవ్వలేదు. "పాచి గీకీవోల్లకి సావులెందుకు?" అని వెనకనుంచి ఒకడన్నాడు. మేడమ్ అక్కకే జవాబు చెప్పారు.

"ఎవరూ రాలేదమ్మా. నీళ్ళు నేనే కొన్నాను. తప్పు నాది. మజ్జ ఇంకొక్కసారికే మిగిలింది. ఈసారి నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చో."

"కూకుంతాను" అంది అక్క. "నిన్ను సూత్తానే ఉంతాను."

మరో కాలేజీలో నీళ్ళు డిస్టిల్ చేయించి, మొదటి చుక్క నుంచీ మేడమ్ పక్కనే నిలబడి పట్టుకొచ్చారు. గాజు సామాను కొత్తది తెప్పించారు. అక్క ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. చేతికి మిగిలిన మజ్జ చిక్కుడుగింజంత. అది ఆమ్లంలో కరిగిపోతే ఇక ఆ మనిషి గురించి అడగడానికి ఏమీ ఉండదు. అది గదిలో అందరికీ తెలుసు.

మేడమ్ ముందు ఖాళీ స్లైడు పెట్టారు. ఒక కొస నుంచి మొదలుపెట్టి వరస వెంట వరస జరుపుతూ చూశారు. రెండు గంటలు పట్టింది. "ఏటి కనబడతంది?" అని అక్క రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "ఏమీ లేదు" అన్నారు. మూడోసారి ఆవిడే తల ఎత్తి, "ఏమీ లేదమ్మా. ఇప్పుడు మీ తమ్ముడి సంగతి చూద్దాం" అన్నారు.

మజ్జ స్లైడులో సూదులు లేవు. నాలుగో వరసలో ఆవిడ చెయ్యి ఆగింది. నడుము దగ్గర ఉబ్బిన చిన్న పడవ ఆకారం. పేరు చెప్పలేదు. గీతలు లెక్కపెట్టి కాగితం మీద వేసుకున్నారు. మళ్ళీ లెక్కపెట్టారు. అలాంటివి ఇంకో ఆరు దొరికాయి. తరవాత పోలీసులు పట్టిన నీళ్ళ సీసాలు చూశారు. సముద్రపు నీటిలో అది లేదు, కుళాయి నీటిలో లేదు. ఫ్యాక్టరీ చెరువు నీటిలో ఉంది. అప్పుడు పేరు రాశారు.

కోర్టులో ఫ్యాక్టరీ తరఫు వకీలు లేచి, "మీరు మొదటిసారి తప్పు చేశారట, నిజమేనా?" అని అడిగాడు. పట్టుకున్నానన్న ధీమా గొంతులో ఉంది.

"నిజమే. రిపోర్టు మొదటి పేజీలో రాశాను. ఆ ఖాళీ స్లైడు కూడా జతచేశాను, చూడండి" అన్నారు మేడమ్.

అతను పేజీ తిప్పి చూసుకుని కూర్చున్నాడు. రికార్డులో చనిపోయిన చోటు మారింది. సముద్రం అన్న మాట కొట్టేసి చెరువు అని రాశారు. మిగతా కేసు ఇంకా నడుస్తోంది.

డెస్కులో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. ఆవిడ తన తప్పు తానే కనిపెట్టారు, వేరేవాళ్ళు కనిపెట్టకముందే.

దహనం అయిన మర్నాడు అటెండరు ఆవిడ గది తెరిచాడు. అక్క కూడా వచ్చింది, అమ్మకం మధ్యలో వదిలేసి. మేడమ్ ప్రతి స్లైడూ రెండేసి చేసేవారు, ఒకటి కోర్టుకి, ఒకటి పెట్టెకి. ఆ చెక్కపెట్టెలో రెండు ఖాళీ స్లైడులూ పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద ఆవిడ చేతిరాతలో "ఖాళీ, చెల్లదు" అని, రెండోదాని మీద "ఖాళీ" అని.

అక్క రెండోదాన్ని తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. చాలాసేపు చూసింది.

"ఇందల ఏటీ నేదు గదా బాబూ?"

"ఏమీ లేదక్కా."

ఆమె దాన్ని జాగ్రత్తగా దాని గాడిలో పెట్టి వెళ్ళిపోయింది. పెట్టె మూయబోతూ చూశాను. గాజు అంచున, ఆమె వేలు ఆనినచోట, చిన్న చేప పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది.