ఎడారి తొండ ఉన్న గది

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. మా నాన్న సంఘపెద్దగా ఉండేవాడు. పిల్లలకి ఎంత జ్వరం వచ్చినా తాయెత్తు మాట ఎత్తని ఇల్లు మాది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, ఊరికే బెదిరిపోయే మనిషిననుకుంటారేమోనని.

మా ఊరు గుంటూరు జిల్లా చివర, ప్రకాశం జిల్లాకి ఆనుకుని ఉంటుంది. ఎటు చూసినా పత్తి, మిరప. మా తమ్ముడు దయాకర్ లారీ డ్రైవరు. గుంటూరులో మిరపకాయల లోడు ఎత్తుకుని రాజస్థాన్ దాకా వెళ్ళొచ్చేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగిన సంగతి ఇది.

ఒక ట్రిప్పులో, జోధ్‌పూర్ దాటాక, రోడ్డు పక్కన ఒకడు నొప్పుల నూనె అమ్ముతూ కనిపించాడట. నేల మీద గుడ్డ పరిచి బతికున్న ఎడారి తొండల్ని వరసగా పడుకోబెట్టాడు. పారిపోకుండా వాటి నడుములు ముందే విరిచేశాడు. బేరం కుదరగానే ఒకదాన్ని తీసి, పొట్ట చీల్చి, కొవ్వు పెనం మీద వేసి కాస్తున్నాడు. తొండ ఇంకా కళ్ళు ఆర్పుతూనే ఉంది. దయాకర్ ఆ పెనాన్ని కాలితో తన్నాడు. ఇద్దరూ కలబడ్డారు. వాడు రాయి తీసుకుని కొడితే తమ్ముడి కనుబొమ్మ చిట్లింది. చివరికి సంచిలో నడుము విరవకుండా మిగిలిన ఒక్క తొండనీ తీసుకుని లారీ ఎక్కేశాడు.

ఇంటికొచ్చి అట్టపెట్టె తెరిచి చూపిస్తే అమ్మ గోడకి అతుక్కుపోయింది.

"ఉడుము పిల్లని ఇంట్లోకి తెచ్చావేందిరా?"

"ఉడుము కాదమ్మా. ఇది ఆకులు తినుద్ది. ఎవర్నీ ఏమీ చెయ్యదు."

ఇసక రంగులో, జానెడున్నర పొడవుంది. మెడ దగ్గర చర్మం ముడతలు పడి వేలాడుతోంది. తోక మాత్రం వేరే జంతువుది తెచ్చి అతికించినట్టు ఉంది. చుట్టూతా వలయాలు వలయాలుగా ముళ్ళు. అలాంటి జీవాన్ని పట్టుకురావడం నేరమని అప్పుడు మాకు తెలియదు.

మూసేసిన మిఠాయి కొట్టులోని గాజు పెట్టె తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. అడుగున ఇసక పోసి, రెండు ఇటుకలు పేర్చి, పైన బల్బు వేలాడదీశాడు. వేరుశెనగ ఆకు, మునగాకు, నానబెట్టిన పెసలు పెట్టేవాడు. తల ఎత్తుకుని బల్బు కింద దర్జాగా కూర్చునేదని దానికి దొర అని పేరు పెట్టాడు. తమ్ముడి చేతిలో కళ్ళు మూసుకుని పడుకునేది. మేం దగ్గరికి వెళితే మాత్రం తోకతో గాజుని ఫెడీమని కొట్టేది. అది ఎక్కడ బయటికొస్తుందోనని అమ్మ మూతకి గడియ పెట్టించి, దాని మీద ఒక ఇటుక కూడా ఎక్కించింది.

ఆ ఏడాది పత్తి తీతల కాలంలో మా ఊళ్ళో హత్య జరిగింది. గట్టు తగాదాలో ఒక రైతు తన పక్క చేను రైతుని పట్టపగలు గొడ్డలితో నరికాడు. పడిపోయాక కూడా నరుకుతూనే ఉన్నాడట. డొంకరోడ్డులో లారీ ఆపుకుని ఉన్న దయాకర్ కళ్ళారా చూశాడు. మిగతావాళ్ళు చూడలేదన్నారు. మావాడు చూశానని పోలీసులకి చెప్పాడు.

నరికినవాడు జైల్లో ఉన్నాడు. వాడి తమ్ముడు నాగేశ్వరరావు మా ఇంటి ముందు నిలబడి అరిచి వెళ్ళాడు.

"ఒరేయ్ దయాకరూ, నువ్వు కోర్టు మెట్లెక్కితే నిన్ను ముక్కలు చేసి మిరప కళ్ళంలో ఆరబెడతా!"

అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది, సాక్ష్యం మానుకోమని. దయాకర్ వినలేదు. "ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడమ్మా. ఆ చేతిని కూడా నరికాడు. చూడలేదని ఎట్టా చెప్పను?" అన్నాడు.

కోర్టు వాయిదా దగ్గర పడింది. ఆ రోజు దయాకర్ జ్వరంతో ముందు గదిలో పడుకుని ఉన్నాడు. నాకు సెలవు. అమ్మా నేనూ కళ్ళంలో కాయలు తిరగబోస్తున్నాం. ఎండ నెత్తి మీదికి రాలేదింకా.

నాగేశ్వరరావు, వాడి బావమరుదులిద్దరూ కత్తులు పట్టుకుని మా ఇంట్లోకి దూరారు. ఎదురింటి సుబ్బులత్త చూసి కేకలు పెట్టింది. మొదటి వేటు తమ్ముడి కుడి భుజం మీద పడింది. రెండోది అడ్డం పెట్టిన ఎడమ చేతి మీద. రెండు వేళ్ళు తెగిపోయాయి. మంచం మీంచి కింద పడి, పాకుతూ గాజు పెట్టె బల్ల కిందికి వెళ్ళానని, ఆ తర్వాత స్పృహ లేదని తమ్ముడు చెప్పాడు.

తర్వాత అరుపులు వినబడ్డాయంది సుబ్బులత్త. అవి మావాడివి కావు, వాళ్ళవి. మనుషుల్ని కట్టేసి కొడితే వచ్చే అరుపులు. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బయటపడ్డారు. ఒకడి నొసలు చిట్లి కళ్ళల్లోకి నెత్తురు కారుతోంది. ఒకడు కత్తి గుమ్మంలోనే పారేశాడు.

మేం పరిగెత్తుకొచ్చేసరికి గదిలో దయాకర్ ఒక్కడే నెత్తుటి మడుగులో ఉన్నాడు. వెనక తలుపు లోపలి గడియ వేసే ఉంది. ముందు గుమ్మం దగ్గర సుబ్బులత్త. వాళ్ళు ముగ్గురూ తప్ప ఎవరూ లోపలికి పోలేదని, బయటికి రాలేదని ఆవిడ తర్వాత బైబిలు మీద చెయ్యి వేసి చెప్పింది.

గాజు పెట్టె మూత గడియ వేసే ఉంది. పైన ఇటుక పెట్టింది పెట్టినట్టే ఉంది. గాజు ఎక్కడా పగల్లేదు. లోపల దొర ఒక మూల ముడుచుకుని ఉంది. దాని తోకకి ఒక పక్క ముళ్ళన్నీ విరిగిపోయి ఉన్నాయి. ఇసకలో నెత్తురు ఉంది. నా కళ్ళతో చూశాను.

దయాకర్‌ని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. బతికాడు. ఆ ముగ్గురూ కట్లు కట్టించుకోవడానికి ఇంకో ఆసుపత్రికి వెళ్ళి పోలీసులకి దొరికిపోయారు. రెండో రోజు ఎస్సై గారు వార్డుకే వచ్చారు.

"మీ ఇంట్లో ఆ ముసలాయన ఎవరమ్మా?"

"ముసలాయన ఎవరండీ?"

"పెద్ద ఎర్ర తలపాగా చుట్టుకున్నాయన. ముళ్ళకర్రతో ముగ్గుర్నీ చావబాదాడంట. విడివిడిగా అడిగా. ముగ్గురూ అదే చెప్తున్నారు. దాచిపెడితే మీకే ఇబ్బంది."

మా ఇంట్లో మగవాళ్ళంటే దయాకర్ ఒక్కడే. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఆయన జన్మలో తలపాగా చుట్టలేదు. రాజస్థాన్‌లో చుడతారేమో గానీ, మా వైపు అలాంటి తలపాగాలు చుట్టేవాళ్ళే లేరు. వాళ్ళ గాయాలు నేను చూడలేదు. ముంజేతుల మీదా, నొసటి మీదా, వీపు మీదా జొన్నగింజంత గుంటలు వరసలు వరసలుగా పడ్డాయని, ఏ ఆయుధమో డాక్టరు తేల్చలేకపోయాడని ఎస్సై గారే చెప్పారు.

భయంతో కంగారుపడి ఆ ఇరుకు గదిలో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుని ఉంటారన్నారు మా పాస్టరు గారు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ వాళ్ళ చేతుల్లో ఉన్నవి కత్తులు. ముళ్ళ గాయాలు ఎలా పడతాయి? పెట్టెలోని తొండ బయటికొచ్చిందనుకున్నా, జానెడున్నర జీవం నిలబడ్డ మనిషి నొసటిని ఎలా అందుకుంటుంది? మళ్ళీ లోపలికి వెళ్ళి గడియ ఎవరు పెట్టారు?

దయాకర్‌ని ఒక్కసారే అడిగాను, నీకేమీ కనపడలేదా అని.

"కనపడలేదక్కా. స్పృహ పోయే ముందు మొహం మీద నుంచి ఎవరిదో పంచె అంచు రాసుకుంటా పోయింది. ఎండకి కాలిన ఇసక వాసన వచ్చింది. అంతే."

చేతికి కట్టుతోనే కోర్టుకి వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. నరికినవాడికి యావజ్జీవం పడింది. మా ఇంటి మీదికొచ్చిన ముగ్గురికీ శిక్షలు పడ్డాయి. దొర వానాకాలం తేమ తట్టుకోలేక, తిండి మానేసి చనిపోయింది. దయాకర్ మళ్ళీ లారీ తోలలేదు. ఊళ్ళోనే చిన్న కొట్టు పెట్టుకున్నాడు.

కొన్నేళ్ళకి, శిక్ష పూర్తయ్యాక, నాగేశ్వరరావు మా స్కూలుకి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆవరణ నిండా పిల్లలున్నా నేను రెండడుగులు వెనక్కి వేశాను. అతను దూరంగానే ఆగాడు. నొసటి మీద గుంటలు అలాగే ఉన్నాయి.

"భయపడమాక టీచరమ్మా. ఒక్కమాట అడిగి పోతా. ఆ ముసలాయన బతికున్నాడా?"

"అలాంటి మనిషి మా ఇంట్లో ఎప్పుడూ లేడయ్యా."

"లేకపోవడమేందమ్మా? నీకంటే దగ్గరగా చూశా ఆయన్ని. ఆయన మాట్లాడింది మన భాష కాదు, ఒక్క ముక్క కూడా తెలీలా. కానీ ఏడుస్తానే కొట్టాడమ్మా. కొట్టినంతసేపూ ఏడ్చాడు. జైల్లో ఇన్నేళ్ళూ దెబ్బలు మర్చిపోయా గానీ ఆ ఏడుపు మర్చిపోలా. ఎందుకేడ్చాడో అడుగుదామని వచ్చా."

గంట కొట్టారు, పిల్లలు చేతులు కడుక్కుని క్లాసుల్లోకి వెళ్ళిపోయారు. నేనేదో ఒకటి చెబుతానని అతను ఆ ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. చెప్పడానికి నా దగ్గర అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ లేదు.