రెండు మీటర్ల చెట్లు

నేను పుట్టు పిరికిదాన్ని. సాకేత్‌లో మా ఆఫీసులో ఎవరైనా ఒక్క నిమిషం రమ్మంటే చాలు, చెమటలు పడతాయి. అలాంటిదాన్ని, కూర్చున్నచోటు నుంచి కదలకుండా ఒక అడవిని కొట్టించబోయాను.

విమానం అడవి మీదుగా పోతూ లేజర్ కిరణాలు వదులుతుంది. కొన్ని చిటారు కొమ్మల్ని తాకి వెనక్కొస్తాయి, కొన్ని ఆకుల సందుల్లోంచి నేలదాకా దిగుతాయి. తెర మీద ఆ చుక్కల్లో ఏది నేలో, ఏది చెట్టో తేల్చి చెట్ల ఎత్తు చెప్పడం నా పని. కాంట్రాక్టు ఉద్యోగం, ఎప్పుడు పొమ్మన్నా పోవాలి.

గురుగ్రామ్ అవతలి ఆరావళి గుట్టల్లో ఒక ముక్కకి మ్యాప్ చేసి మా ఆఫీసు సార్‌కి ఇచ్చాను. రెండు మీటర్లు మించని పొదలని తేలింది. పొదలైతే అక్కడ వెయ్యబోయే రోడ్డుకి అడ్డుండదు. మంగళవారం అది అనుమతి కమిటీ ముందుకెళ్తుంది.

ఇచ్చేశాక ఆ చుక్కల్ని నిలువునా కోసినట్టు పక్కనుంచి చూద్దును కదా, పై ప్రాణాలు పైనే పోయాయి. చెట్ల కింద సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుని లేజర్‌ని దిగనివ్వలేదు. సాఫ్ట్‌వేర్ ఆ తుమ్మ నెత్తినే నేలనుకుని చెట్ల ఎత్తు అక్కణ్ణుంచి లెక్కేసింది. చూడకుండా సరేనన్నది నేను.

రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. శనివారం ఇందిరాపురంలో ఇంట్లో ఉన్న మావారితో షాపింగ్‌కని చెప్పి వచ్చి ఆ గుట్టలెక్కాను. ఒంటరిగా లోపలికి పోవద్దని ఆటో భయ్యా రెండుసార్లు చెప్పాడు. ముళ్లు చున్నీ పట్టుకుని లాగుతుంటే తలెత్తి చూశాను. చెయ్యి చాచి గొడుగెత్తినా నా రెండు మీటర్ల చెట్ల ఎత్తులో సగానికి రాలేదు. ఇవన్నీ నా మ్యాప్ వల్ల పోతాయి.

ఆదివారం కూర్చుని మ్యాప్ సరిచేసి, సోమవారం సార్‌తో నా తప్పు చెప్పేశాను. మా గోదావరి వైపు మనిషే, చిన్న తప్పుకే కేకలేస్తారు. ఆ రోజు కేకలెయ్యలేదు. లేచి తలుపు వేసి, నాకు మంచినీళ్లిచ్చారు. అప్పుడు నిజంగా భయమేసింది.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అమ్మా?"

"సరిచేసిన మ్యాప్ పొద్దున్నే కమిటీకి పంపేశాను సార్."

పంపలేదు. ఆయన మొహం చూడకుండా బయటికొచ్చి, ఆ తలుపు మళ్లీ తెరుచుకునేలోగా పంపాను.