ఒకటి నొక్కిన ఆంటీ

ఇరవై ఏళ్ల కిందట ఢిల్లీలో చదువుకుంటూ సెల్‌ఫోన్‌తో సర్వేలు చేసేదాన్ని. ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో ఒక తెలుగువారింట్లో ఆంటీని ప్రశ్నలడుగుతుంటే, అంకుల్ తలుపు గడియపెట్టి పక్కనే కూర్చున్నారు. తర్వాతి ప్రశ్న: ‘మీ భర్త కొడతారా?’ జవాబు నొక్కకపోతే ఫారం కదలదు. పైకి చదవలేక ఫోన్ ఆవిడకిచ్చాను.

“మీరే చూసి నొక్కండి ఆంటీ. అవునైతే ఒకటి, కాదంటే రెండు.”

ఆవిడ ఒకటి నొక్కి ఫోన్ తిరిగిచ్చేశారు.

“ఏం నొక్కింది? ఏదమ్మా, ఆ ఫోన్ ఇలా ఇవ్వు,” అన్నారు అంకుల్.

గబుక్కున తర్వాతి ప్రశ్నకు జరిపి ఇచ్చాను. ఆ ఫారం వెనక్కి వెళ్లదు.

“ఫ్రిజ్ ఉందా అనా? దీనికింత రహస్యమా!” అని నవ్వి గడియ తీశారు.

మెట్లు దిగాక ఫోన్‌కు సిగ్నల్ దొరికి, ఆంటీ జవాబు ఆఫీసుకు వెళ్లిపోయింది. నేనూ బయటపడ్డాను. పైన మళ్లీ గడియ పడిన చప్పుడు మాత్రం ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.