ఆయన తనకు ఉంచుకున్న చోటు

ఖాదర్ గారు పోయారన్న సంగతి నాకు కంచికచర్ల బస్టాండు నుంచి ఒక కండక్టరు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఫోనులో చివరగా మాట్లాడిన నంబరు నాదట. విజయవాడలో డయాలసిస్ చేయించుకుని నందిగామ తిరిగి వస్తూ, కిటికీకి తల ఆనించి నిద్రపోయినట్టే వెళ్లిపోయారు. "పెద్దాయన మీకేమవుతారండీ? ఎంత లేపినా లేవట్లేదండి," అన్నాడా కండక్టరు. జగ్గయ్యపేట కాలేజీ స్టాఫ్ రూములో మా ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే ఉండేవి. ఆయన కంప్యూటర్లు చెప్పేవారు, నేను చరిత్ర చెప్పేవాణ్ణి. ఈ నాలుగు మాటలూ ఆయన నడిపిన గ్రూపులో రాయవలసినవి. పత్రికకు పంపుతున్నాను. అక్కడ రాస్తే ఆయన మాట చెరిగిపోతుంది కనుక.

తెలియనివారి కోసం కొంత చెప్పాలి. ఫోన్లలో గ్రూపులు రాకముందు, యూజ్‌నెట్ అని కంప్యూటర్లలో ఒక పద్ధతి ఉండేది. విషయానికొక గ్రూపు. అందులో ఎవరైనా ఉత్తరం రాయవచ్చు, ఎవరైనా బదులివ్వవచ్చు. లోకమంతా దాన్ని వదిలేశాక కూడా ఖాదర్ గారు నందిగామలో తన ముందుగదిలో ఒక న్యూస్ సర్వరు, అంటే ఆ ఉత్తరాలన్నీ వచ్చి చేరే కంప్యూటరు, నడిపారు. వ్యవసాయానికి ఒక గ్రూపు, రాజకీయాలకు ఒకటి, ఏ సందేహమైనా తననే అడగడానికి ఇంకొకటి. చదివేది మావంటి రిటైరైనవాళ్లు, కొందరు రైతులు.

ఆ ఉత్తరాలను ఆయన బఫర్లలో దాచేవారు. బఫరంటే ముందే కొలత వేసి కట్టిన చోటు. అది పెరగదు. నిండాక కొత్త ఉత్తరం వస్తే అన్నిటికంటే పాతదాని మీద కూర్చుని దాన్ని చెరిపేస్తుంది. "మన కాలేజీ నోటీసు బోర్డే మాస్టారూ, ఖాళీ లేకపోతే పాత కాగితం మీదే కొత్తది అంటిస్తారుగా," అనేవారు. చిన్ననాటి నుంచి డైరీ రాస్తున్న నాకు ఆ మాట గుండెల్లో గుచ్చుకునేది. ఒక్క కాగితం పారేయని మనిషిని. "మీరు బీరువా కొంటారు, నేను చెరుపుతాను. ఇద్దరిలో ఇల్లు ఇరుకయ్యేది ఎవరికో మా చెల్లెమ్మనే అడగండి," అని నా భార్య ముందు నవ్వించేవారు.

అలాగని ఆయన చెరగడాన్ని తేలిగ్గా తీసుకున్న మనిషి కాదు. మొదట్లో అన్ని గ్రూపులకూ కలిపి ఒకటే బఫరు ఉండేది. ఒక ఎన్నికల కాలంలో రాజకీయాల గ్రూపులో తిట్లూ శాపనార్థాలూ వరదలా వచ్చిపడ్డాయి. అప్పుడే కీసర నుంచి నరసయ్య అనే రైతు వచ్చాడు. మిరపలో ఆకుముడతకు ఎవరో రాసిన మందు మళ్లీ చూసుకోవాలని.

"ఏంది సారూ, మొన్న నేను సూసిన ఉత్తరం ఇయ్యాల లేదంటావేంది? ఎవురు చింపారు?"

"ఎవరూ చింపలేదు నరసయ్యా. ఎన్నికల తిట్ల కింద పడి పోయింది."

"ఈళ్ల తిట్ల కింద పడి నా తోట పోవాల్నా?"

ఆ రోజు ఖాదర్ గారు అన్నం ముందు కూర్చుని లేచిపోయారని ఆయన భార్య ఫాతిమా గారు తరవాత చెప్పారు. ఆ వారమే బఫర్లు విడదీశారు. వ్యవసాయానికి అన్నిటికన్నా పెద్దది. రాజకీయాలకు చిన్నది, "వాళ్ల మీద వాళ్లే పడి చెరుపుకుంటారు" అని. తన సందేహాల గ్రూపుకు అంతకన్నా చిన్నది. "నా మాటలకి అంత చోటెందుకండీ?" అన్నారు. "చోటు ముందే కొలవాలి మాస్టారూ. నిండాక కొలిస్తే అప్పటికే పోయేది పోయుంటుంది," అన్నదీ ఆయనే. ఇతరుల విషయంలో అంత జాగ్రత్తగా కొలిచినాయన తన విషయంలో తప్పు కొలిచారు.

ఆయన కిడ్నీలు పాడయ్యాక నాకు భయం పట్టుకుంది. ఆ చిన్న గ్రూపులోనే ఎన్నో సంవత్సరాలుగా ఆయన అడిగినవారికల్లా ఓపిగ్గా ఇచ్చిన జవాబులున్నాయి. చోటు పెంచమని బతిమాలాను. కట్టిన బఫరు సాగదని, పక్కన ఇంకొకటి కట్టి జతచేయాలని, ఒంట్లో ఓపిక వచ్చాక చూస్తానని అన్నారు. ఓపిక రాలేదు.

ఖబరస్తాన్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ గ్రూపులో సంతాపాలు మొదలయ్యాయి. నేనూ రాశాను. అందరం ఆయన పేరున్న చోటే రాయాలనుకున్నాం. మాటలతో సరిపెట్టకుండా కొందరు బొమ్మలు కూడా పెట్టారు. దీపాలు, తెల్ల పావురాలు. నందిగామ సుబ్బారావు గారైతే ఖాదర్ గారి ఫొటోకు బంతిపూల దండ కూడా వేసి పెట్టారు. మర్నాడు ఆయన పాత జవాబు ఒకటి చదువుదామని వెతికితే లేదు. దాని ముందుదీ లేదు, వెనకదీ లేదు. ఒక్కొక్క బొమ్మ వందల ఉత్తరాల చోటు తింటుంది.

రాయవద్దని గ్రూపులో చెబితే, ఆ చెప్పిన ఉత్తరమూ ఆయనదొకటి చెరుపుతుంది. అందుకని ఒక్కొక్కరికే ఫోన్ చేశాను.

"ఏంటి మాస్టారూ, మీరు పేజీ నిండా రాసుకుని, నన్ను రెండు ముక్కలు రాయొద్దంటారా? పోయినాయన మీ ఒక్కళ్లకే స్నేహితుడా?" అని సుబ్బారావు గారు ఎగిరారు. సంగతంతా చెప్పాను. "అయితే నా దండ?" అన్నారు.

"అదీ అంతేనండి."

"తీసేస్తే ఆయనవి తిరిగొస్తాయా?"

"రావండి."

మేమే చోటు పెంచుదామంటే పాస్‌వర్డు ఖాదర్ గారితోనే పోయింది. ఇప్పుడు ఆ సర్వరును ఆపడం తప్ప ఇంకేమీ మాకు చేతకాదు. ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు.

మొన్న నందిగామ వెళ్లాను. సర్వరు చిన్నగా హోరుమంటోంది. ఫాతిమా గారు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఏనాడూ నేను ఇందులో చూడలేదన్నా. రోజంతా దీని ముందే కూర్చుంటే తిట్టేదాన్ని. ఏం రాసేవారో చదివి వినిపించండి," అన్నారు. తెరిచాను. అన్నీ మేము రాసినవే. ఎంత వెనక్కి వెళ్లినా మేమే. అన్నిటికీ వెనక, చిట్టచివర, ఆయనది ఒక్కటి మిగిలింది. చదివాను:

"ఈ గ్రూపుకు చోటు పెంచమని మాస్టారు పట్టుబడుతున్నారు. వచ్చే వారం చూస్తాను. అప్పటిదాకా అందరూ కాస్త పొదుపుగా రాయండి."

"ఇంతేనా?" అన్నారామె.

"ఇంతేనమ్మా."

"ఇంకెవరూ రాయకపోతే ఇది ఉంటదా?"

"ఉంటుంది."

"అయితే దీన్ని ఆపకండి. మళ్లీ ఒకసారి చదవండి."

మళ్లీ చదివాను.

సంపాదించిన విద్యనంతా అడిగినవారికి పంచి, తనకోసం అందరికన్నా తక్కువ చోటు ఉంచుకున్న మనిషికి నా నమస్సులు. ఆయన్ని ఎరిగినవారికి ఒక మనవి. నందిగామ వెళ్లి ఫాతిమా గారిని పలకరించండి. ఈ పత్రికకు రాయండి. ఆ గ్రూపులో మాత్రం ఏమీ రాయకండి, ఒక్క నమస్కారమైనా సరే. ఈసారి చెరగబోయేది మిగిలిన ఆ ఒక్క ఉత్తరమే.