టీచరు గారి కారుకు ట్వీటర్లు

మండపేటలో లారీలకూ ట్రాక్టర్లకూ వైరింగు పని ముప్పై ఏళ్ళు చేశాను. అందులో ఎక్కువ కాలం నాకు చదవడం రాదు. వైర్ల రంగులు నమ్ముకుని బతికాను. యాభై దాటాక మా పేటలోని చర్చి వరండాలో సాయంత్రాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పిన టీచరు గారు వయసులో నాకంటే చిన్నవారు. తప్పు రాస్తే మొహమాటం లేకుండా నా పలక మీద అడ్డగీత గీసి కొట్టేసేవారు. ఆ వరండా దాటి లోపలికి, ఆరాధనకు, నేనెప్పుడూ వెళ్ళలేదు.

క్రితం ఏడాది ఆవిడకు గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా చిన్న నోటుబుక్కులో రాసి చూపిస్తారు.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ భర్త కారు తెచ్చి మా వాకిట్లో ఆపారు. ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయిన మనిషి.

"మేస్త్రి గారూ, మీరు పని మానేశారని తెలుసండి. కానీ మా ఆవిడ మీ దగ్గరికే పొమ్మంది. కాదంటే నన్ను తిడుతుంది."

"మాట రాని మనిషి ఎలా తిడతారండీ?"

"రాసి తిడుతుందండి. అదింకా కష్టం, చదివేదాకా పక్కన నిలబడే ఉంటుంది."

కారులో కూర్చున్న టీచరు గారు నవ్వి, పుస్తకం నా చేతికిచ్చారు. నెమ్మదిగా చదివాను. ఆపరేషన్‌కు ముందు చర్చి క్వయిరు పాటలు రికార్డు చేసి పెన్‌డ్రైవులో ఎక్కించారట. ఆ పాడినవాళ్ళలో ఆవిడా ఉన్నారు. ఆవిడ గొంతు ఇక మిగిలింది ఆ పెన్‌డ్రైవులోనే. కారులో పెడితే మగవాళ్ళ గొంతులు దండిగా వస్తున్నాయి, తనది వినపడటం లేదు.

పాట పెట్టి విన్నాను. స్పీకర్లు తలుపుల కింద, మోకాళ్ళ దగ్గరున్నాయి. సన్నని ధ్వనులు అక్కడే కాళ్ళ మధ్య పోతున్నాయి. ఉన్న స్పీకర్లు అలాగే ఉంచి, సన్నని ధ్వనుల కోసం విడిగా రెండు చిన్న ట్వీటర్లు పైన పెడితే చెవికి అందుతాయని చెప్పాను. రాజమండ్రి నుంచి ఆయనే తెచ్చారు. ముందు అద్దానికి రెండు పక్కలా ఉన్న మూలల్లో బిగించాను. తలుపులు విప్పడం ఎందుకని స్టీరియో వెనక ఉన్న వైర్ల నుంచే కనెక్షన్ తీసుకున్నాను. తెల్ల వైరు ఎడమది, బూడిదరంగు వైరు కుడిది. పాట పెట్టగానే ఆడవాళ్ళ గొంతులు గలగలా పలికాయి. పని అయిపోయిందనుకున్నాను.

టీచరు గారు తల అడ్డంగా ఊపి రాశారు. "ఇది నేను కాదు. మేము ఎడమవైపు కూర్చుంటాం."

"గొంతుకు ఎడమేంటి, కుడేంటండీ? వినపడుతోంది కదా?" అన్నాను కొంచెం విసురుగానే.

ఆవిడ "ఎడమ" అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

"మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్కండి," అన్నారు ఆయన. "రికార్డు చేసినప్పుడు అటొక మైకు, ఇటొక మైకు పెట్టారు. మీరు లోపలికొచ్చి ఉంటే తెలిసేది."

నాకు కోపం వచ్చింది. నా పని తప్పు కాదని చూపించడానికే స్టీరియోలో ధ్వని మొత్తం ఎడమకు తిప్పాను. ఎడమ తలుపు మోగింది. ట్వీటరు మాత్రం కుడిది మోగింది. నా మొహం చిన్నబోయింది. పూర్వం ఎవరో స్టీరియో మార్చినప్పుడు ఎడమ కుడి వైర్లు తారుమారుగా కలిపి, ఆ తప్పును తలుపుల దగ్గర మళ్ళీ తిప్పి సరిచేసుకున్నారు. నేను రంగు చూసి కలిపేశాను, చెవి పెట్టి చూసుకోలేదు. ఆడవాళ్ళ గొంతులో సగం ఎడమ తలుపులోంచి, సగం కుడి మూలలోంచి వస్తుంటే ఆవిడకు తన గొంతు ఎలా దొరుకుతుంది?

"తప్పు నాదేనండి," అన్నాను. ఈసారి కొట్టేయడానికి ఆవిడ చేతిలో నా పలక లేదు, అంతే. ట్వీటర్ల వైర్లు మార్చి కలిపి, రెండు పక్కలా విడివిడిగా విని, అప్పుడు పాట మళ్ళీ పెట్టాను.

మొదటి చరణం అంతా ఆవిడ కదల్లేదు. రెండో చరణం మొదట్లో చెయ్యి పైకెత్తారు. ఆయన వెంటనే, "అదుగో, అదే!" అన్నారు.

నేనూ విన్నాను. గొప్ప గొంతేం కాదు. పై స్థాయిలో కాస్త బెదురుతుంది, అందరికంటే ఒక్క క్షణం వెనక అందుకుంటుంది. నాకు వరండాలో గుణింతాలు చదివి వినిపించిన గొంతే.

ఆవిడ నా వైపు చూడకుండానే పుస్తకం చాపారు. "ఇంకోసారి పెట్టండి," అని ఉంది. పెట్టి, కారు తలుపు మూసి, ఆయనకు మా అరుగు మీద కుర్చీ వేశాను.