చెరోకీ రాజధానిలో ధింసా

ఆ రోజుల్లో నాకు చలి అంటే భయం, జర్మన్ భాష అంటే భయం, కాగితం అంటే మరీ భయం. ఇప్పుడు చలి అలవాటైంది, భాష కొంత లొంగింది. నలభై దాటాక మా తెలుగు చర్చిలో పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి కాగితం కూడా నా ముందు కాస్త తగ్గి ఉంటోంది. మా ఇంటికి పప్పుచారు కోసం వచ్చే స్టూడెంట్ పిల్లలకి నా పాత సంగతులు చెప్తుంటాను. జర్మనీలో ఒక వేసవంతా నేను తలమీద ఈకలు పెట్టుకుని అమెరికా ఆదివాసుల్లో చెరోకీ తెగ ఆడదానిగా బతికానంటే వాళ్ళు పళ్ళెం పక్కన పెట్టి మరీ నవ్వుతారు. నవ్వనీ అనే చెప్తాను. నవ్వు అయ్యాక మిగిలేదాన్ని మాత్రం వాళ్ళకి చెప్పలేదు. పిల్లలు తిని వెళ్ళాల్సినవాళ్ళు, వాళ్ళకెందుకు.

మాది అరకు దాటి ఇంకా లోపల, కొండమీద పట్టుమని ఇరవై గడపలు లేని ఊరు. మా అమ్మవాళ్ళు పెళ్ళిళ్ళకీ, చైత్రమాసం పండక్కీ ధింసా ఆడేవాళ్ళు. ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని, గొలుసులా వంకర్లు తిరుగుతూ, తెల్లవార్లూ. నాకు ఊహ తెలిసేసరికి లోయలో టూరిస్టు బంగళా వచ్చింది. వైజాగ్ నుంచి రైల్లో వచ్చే జనం కోసం శని ఆదివారాలు సాయంత్రం మా ఈడు ఆడపిల్లల్ని జీపులో తీసుకెళ్ళి ఆడించేవాళ్ళు. అందరికీ ఒకే రంగు చీర, ఒకే రంగు పువ్వు. బంగళా మేనేజరు మంచివాడే. "పొడుగైతే జనం లేచిపోతారమ్మా, చిన్నది చెయ్యండి" అంటూ తెల్లవార్లూ సాగే ఆటని పకోడీ ప్లేటు ఖాళీ అయ్యేలోగా అయిపోయేట్టు కత్తిరించాడు. ముఖం ముడుచుకున్న పిల్లకి మళ్ళీ వారం జీపులో చోటుండేది కాదు. అలా నవ్వుతూ ఆడటం నాకు చిన్నప్పుడే పట్టుబడింది. చదువే పట్టుబడలేదు. (బడికి జీపు పంపించి ఉంటే వచ్చేదేమో.)

పెళ్ళయ్యాక మా ఆయన వెనక జర్మనీ వచ్చాను. ఆయన ఎర్లాంగెన్‌లో ఒక ఇండియన్ హోటల్లో వంటమాస్టరు. వచ్చిన కొన్నాళ్ళకే ఆ హోటల్ మూతపడింది. వీసా ఆఫీసువాళ్ళు అక్టోబరులో ఫలానా రోజు రమ్మని టెర్మిన్ ఇచ్చారు. ఆ రోజుకి మా ఇద్దరిలో ఎవరో ఒకరికి పర్మనెంటు ఉద్యోగం ఉన్నట్టు కాగితం చూపిస్తే ఉండొచ్చు, లేకపోతే సామాను సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికి వెళ్ళాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు. మా అమ్మ పోయింది. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు. బంగళాకి పోదామంటే, ముప్పైకి దగ్గరపడ్డ దాన్ని జీపెక్కించుకునేదెవరు?

అప్పుడు దొరికిందే ఆ పార్కులో పని. ఊరికి దూరంగా అడవి అంచున కొయ్యతో కట్టిన కౌబాయ్ ఊరు అది. గుర్రాలు, తుపాకుల మోత, సారాకొట్టు, అన్నీ ఉంటాయి. చివర ఒక దిబ్బమీద గుడారాలు వేసి, 'చెరోకీల రాజధాని' అని బోర్డు పెట్టారు. అసలు రాజధాని ఎక్కడో అమెరికా కొండల్లో ఉందట. ఆ తెగవాళ్ళ ఆఫీసులూ, బడులూ, టూరిస్టులూ అన్నీ ఉన్న ఊరట. అంతదూరం పోలేని జర్మన్లకి ఈ దిబ్బ. నాది వంటింట్లో బంగాళాదుంపలు ఒలిచే పని, అదీ వేసవి వరకే. నాకు మాట సాయం ఒక ఖమ్మం పిల్ల. ఎర్లాంగెన్‌లో ఎమ్మెస్ చదువుతూ వారాంతాల్లో ఆ పార్కులో టిక్కెట్లు అమ్మేది.

ఒకరోజు గుడారాల దగ్గర కూర్చునే జర్మన్ అమ్మాయి పని మానేసింది. ఓనరు నన్ను దుంపల బుట్టతో సహా దారిలో ఆపి, నా రంగూ నా జడా చూస్తూ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఖమ్మం పిల్లని పిలిచాడు.

"అక్కా, రేపటిసంది దుంపలు గీకుడు బంద్. నువ్వు గా గుడారం ముంగట కూసోవాల్నంట. ఈకలిస్తరు" అంది ఆ పిల్ల.

"కూసోని ఏటి చెయ్యాలి?"

"ఏం చెయ్యకు. ఊకె కూసో. జనం ఫోటోలు దిగుతరు."

"మరి దుంపలు ఎవులు ఒలుస్తారు?"

"దుంపల రంది నీకెందుకక్కా, నీ వీసా కాగితం సంగతి చూస్కో."

కూర్చున్నాను. జూలైలో వాన, దానికి తోడు గాలి. ఈకలతోపాటు ఇచ్చిన తోలు గౌను చూడ్డానికే గానీ చలికి పనికిరాదు. రెండో రోజుకి కాళ్ళు కొయ్యబారిపోయి, లేచి వేడికోసం నాలుగడుగులు వేశాను. కాళ్ళకి తెలిసిన అడుగులు అవే కాబట్టి ధింసా అడుగులే పడ్డాయి. ఎవరో ఆగారు. ఇంకెవరో ఆగారు. మనుషులు ఆగగానే నా ముఖం దానంతట అదే నవ్వేసింది. ఓనరు సారాకొట్టులోంచి మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఏదో చెప్పాడు.

"ఏటంటున్నాడమ్మా?"

"ఇది చెరోకీల పంట డ్యాన్సంట. ఇయ్యాల్టిసంది రోజుకు మూడుసార్లంట."

"నేనలాగ చెప్పలేదు కదా."

"నువ్వేడ చెప్పినవ్? ఆయన్నే చెప్తుండు. ఇప్పుడు కాదంటే మళ్ల దుంపలే. అటెన్క దుంపలు గూడ ఉండయ్."

ఆ దిబ్బకి ఆదివారం ఆదివారం ఒక జర్మన్ క్లబ్బువాళ్ళు వచ్చేవాళ్ళు. అందరూ రిటైరైనవాళ్ళే. జీతం భత్యం లేకుండా, సొంతంగా కుట్టుకున్న తోలు బట్టల్లో చెరోకీలుగా తిరగడం వాళ్ళ సరదా. వాళ్ళ పెద్దకి నేను పెద్ద డేగ అని పేరు పెట్టుకున్నాను. ఆయన ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. చెరోకీలు గుడారాల్లో కాదు కొయ్య ఇళ్ళల్లో ఉండేవాళ్ళని ఓనరుతో ఏళ్ళతరబడి పోట్లాడుతున్న మనిషి కూడా ఆయనొక్కడే. అలాంటివాడు నా ఆట చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అంటే ఎంత పాతదో" అన్నాడట. నా దగ్గరికొచ్చి, కొండల్లో నేర్చుకున్నావా అని అడిగాడు. తల ఊపాను. మీ అమ్మ నేర్పిందా అని అడిగాడు. బంగళా మేనేజరు నేర్పాడని చెప్పేంత జర్మన్ నాకు రాదు. మళ్ళీ తల ఊపాను.

ఇక ఆ క్లబ్బువాళ్ళు నేర్చుకోవడం చూడాలి. తుంటి ఎముక మార్పించుకున్న ఒక బామ్మతో సహా అందరూ వరసగా నిలబడి, నడుం వెనక చేతులు కలిపి, ఐన్స్, త్స్వై, ద్రై అని లెక్క పెట్టుకుంటూ ఆడారు. మా ఊరి ఆడపిల్లలకి బంగళా మేనేజరు చేత ఎన్ని తిట్లు తిన్నా రాని వరస, వీళ్ళకి మూడు ఆదివారాల్లో వచ్చేసింది.

ఆగస్టు చివర్లో ఓనరు పెద్ద కబురు తెచ్చాడు. అమెరికాలోని ఆ అసలు ఊరి నుంచి, అక్కడ బుట్టలల్లి టూరిస్టులకి చూపించే ఒక చెరోకీ పెద్దావిడ వస్తోందట. పేపరువాళ్ళ ముందు ఆవిడ మన నాట్యం తమదేనని ఒక్కమాట అంటే నాకు పర్మనెంటు కాగితం. అనకపోతే నా పని సీజన్‌తోనే సరి.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను.

"నా ముందర ఎవుడో వచ్చి గిన్నెలో కోడి ఉడకేసి, ఇదే మీ బొంగులో చికెన్ అన్నట్టుంది. సూట్‌కేసులు దింపీమంటావేటి?"

"దింపు. బూజు దులిపి పెట్టు" అన్నాను.

ఆవిడ వచ్చిన ఆదివారం కూడా వానే. జీన్సు పాంటు, వానకోటు, కళ్ళజోడు, పొట్టి జుట్టు. జనం ఆవిడ ముందు నుంచే దాటిపోతూ, చెరోకీ అతిథి ఎప్పుడొస్తుందని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. పెద్ద డేగతో ఫోటో దిగుతున్న ఒక కుర్రాడైతే అడ్డంగా ఉందని ఆవిణ్ణే పక్కకి జరగమన్నాడు. ఆవిడ జరిగింది. మేం ఆడాం. ఆవిడ చేతులు కట్టుకుని, మా కాళ్ళు కాదు, నా ముఖమే చూస్తూ నిలబడింది. చప్పట్లు కొట్టలేదు. ఆవిడ పేపరువాళ్ళతో మాట్లాడటానికి ఇంకా టైముంది. నేను వంటింటి వెనక చూరు కింద టీ పట్టుకుని వణుకుతుంటే, ఖమ్మం పిల్లని వెంటబెట్టుకుని అక్కడికే వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు నాకు ఖమ్మం యాసలోనే అందింది. ఇప్పటికీ నా జ్ఞాపకాల్లో ఆ చెరోకీ పెద్దావిడ ఖమ్మం మనిషే.

"మీవి ఏ కొండలని అడుగుతున్నదక్కా."

"అరకని చెప్పు."

"ఆమెకు ఎరుక లేదంట. మంచు పడ్తదా అంటున్నది."

"పొగమంచు పడతాది. పొద్దెక్కేదాకా మనిషికి మనిషి అవుపడడు."

"వాళ్ళకాడ గూడ గంతేనంట." ఆ పిల్ల కొంచెంసేపు విని మళ్ళీ చెప్పింది. "వాళ్ళ నాయిన ఈకల టోపీ పెట్టుకోని రోడ్డుమీద నిలబడేటోడంట. గవి వాళ్ళ ఈకలు గావంట, ఏరే తెగోళ్ళవంట. టూరిస్టులు గవ్వే అడుగుతరంట. గట్ల ఫోటోలు దిగుకుంటనే పిల్లలందర్నీ సాదిండంట. మోకాళ్ళు అరిగినయంట."

"ఇంటికాడ కూడా పెట్టుకునీవోడా?"

"ఇంటికొస్తే గొడుగు పక్కన తగిలిచ్చేటోడంట."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇంకేదో అంది. ఖమ్మం పిల్ల నా వైపు చూడకుండా చెప్పింది.

"నీది టూరిస్టు ఆటని మొదటి అడుగులనే తెలిసిందంట. నవ్వు చూస్తే తెలిసిందంట. ఇప్పుడు ఈడ ఎవ్వలు లేరు గదా, మీ ఇంటికాడ ఎట్ల ఆడతరో గది చూపెట్టుమంటున్నది."

టీ కప్పు గట్టుమీద పెట్టాను. మొదటి అడుగు వేశాను, రెండోది వేశాను, వంకర తిరిగాను. తిరిగేసరికి నా ఎదురుగా పకోడీ ప్లేట్లే ఉన్నాయి. ఇంకోసారి మొదలుపెట్టాను. మా అమ్మవాళ్ళు ఇక్కడ్నించి వేరే అడుగులోకి వెళ్ళేవాళ్ళు, అంతవరకు తెలుసు. ఏ అడుగో తెలీదు. చిన్నప్పుడు ఆట ఆ భాగంలోకి వచ్చేసరికి నేను ఎవరో ఒకరి ఒళ్ళో నిద్రపోయేదాన్ని. పెద్దయ్యాక ఆ వేళకి జీపు హారన్ కొట్టేది. అడగడానికి అమ్మ లేదు.

"ఇంటిది నాకు రాదమ్మా. నాకొచ్చింది ఇదే" అన్నాను.

ఖమ్మం పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి మార్చాల్సిన పని లేకపోయింది. ఆ పెద్దావిడ వానకోటు జేబులోంచి ఒక బిస్కెట్టు తీసి, సగం విరిచి నాకిచ్చింది. ముగ్గురం చూరునీళ్ళు చూస్తూ నిలబడ్డాం.

తర్వాత పేపరువాళ్ళ ముందు ఆవిడ ఏ నసుగుడూ లేకుండా, ఇది మా నాట్యం కాదు అంది. ఈ గుడారాలు మావి కావు, ఈ ఈకలు మావి కావు, మా ఊరొస్తే ఇవన్నీ మేమే మీకు చూపిస్తాం, అది వేరే సంగతి అంది. ఈ అమ్మాయి ఆట ఈ అమ్మాయి కొండలది, దాని పేరు తననే చెప్పనివ్వండి అంది. ఓనరు ముఖం ఉడికిన దుంపలా అయింది. పేపరువాళ్ళు బుద్ధిగా తలలూపి, ఆవిణ్ణి వదిలేసి ఈకలు బాగున్నాయని పెద్ద డేగ ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. నేను తోలు గౌను విప్పి మడతపెట్టాను. నా కళ్ళముందు సూట్‌కేసులు ఆడుతున్నాయి.

పెద్ద డేగ వానలో బెంచీమీద కూర్చున్నాడు. టోపీ తీసేశాడు. ఆయనకి బట్టతల అని నాకు అప్పుడే తెలిసింది. ఖమ్మం పిల్ల ఆయనకి మొత్తం చెప్పింది, బంగళా, జీపు, మేనేజరుతో సహా. ఆయన తిడతాడనుకున్నాను. ఈకలమీది నీళ్ళు తుడుస్తూ, "మేం ఇన్నేళ్ళుగా నేర్చుకున్నవన్నీ పుస్తకాల్లోవే. నేర్పిన మనిషిని కళ్ళారా చూసింది దీనికొక్కదానికే" అన్నాడట. లేచి క్లబ్బువాళ్ళని కేకేసి ఓనరు గదిలోకి వెళ్ళాడు. నన్ను పంపించేస్తే తామూ రేపట్నించి రామని చెప్పాడట. ఊరికే వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడిసే చెరోకీలు అన్నిచోట్లా దొరకరు. ఓనరు ఆలోచించుకున్నాడు. ఈకలు, గౌను వెంటనే వాపసు ఇచ్చి, మళ్ళీ దిబ్బ ఎక్కకూడదన్న షరతుమీద నాకు పర్మనెంటు కాగితం వచ్చింది. పని దుంపలు ఒలవడం. అక్టోబరు టెర్మిన్‌కి ఆ కాగితమే పట్టుకెళ్ళాం. మా ఆయన సూట్‌కేసులు మళ్ళీ అటకెక్కించాడు.

ఆ దిబ్బ ఇప్పుడు లేదు. క్లబ్బువాళ్ళు ఎర్లాంగెన్‌లో ఒక హాల్లో కలుస్తారు. ఏడాదికోసారి ధింసా ఆడతారు, దాన్ని ధింసా అనే పిలుస్తారు, నన్నూ పిలుస్తారు. మా ఊరివైపు ఇప్పుడు బంగళాలో స్పీకర్లో పాట పెట్టి ఇంకేదో ఆడిస్తున్నారని ఫోనులో విన్నాను. పెద్ద డేగకి ఎనభై దాటాయి, కుర్చీలో కూర్చుని లెక్క మాత్రం పెడతాడు. మొన్న వెళ్ళినప్పుడు వరసలో నా అడుగొకటి తడబడింది. ఆయన లెక్క ఆపి, వేలు చూపించి, "కుడికాలు" అన్నాడు. నిజమే, కుడికాలే. ఆనాడు దగ్గరుండి నేర్పింది నేనే, ఇప్పుడు మర్చిపోయిందీ నేనే. క్షమించమని చెప్పి కాలు మార్చుకున్నాను.